పళ్ళు చూసి ఎద్దు వయసు, పేర్లు చూసి చంద్రుడి గ్లోబు వయసు

అందరికీ నమస్కారం.

సంతలో ఎద్దును కొనేవాడు అమ్మేవాడు చెప్పిన వయసు నమ్మడు. మూతి పట్టుకుని, పెదవి పైకెత్తి పళ్ళు చూస్తాడు. పాత చంద్రుడి గ్లోబు కొనేవాళ్ళు చేయాల్సిందీ అదే. అమ్మేవాళ్ళలో ఎక్కువమంది ప్రతి గ్లోబునూ "1969, అపోలో కాలం నాటిది" అనే అంటారు. కొన్ని నిజానికి అంతకంటే ఎనిమిదేళ్ళు పాతవి, కొన్ని పదేళ్ళు కొత్తవి. చాలావాటి మీద తయారైన సంవత్సరం అచ్చు వేసి ఉండదు. ఉన్నా అది బొమ్మ హక్కులు తీసుకున్న ఏడాదే తప్ప, మీ చేతిలో ఉన్న గ్లోబు అచ్చయిన ఏడాది కానక్కరలేదు. కాబట్టి గ్లోబునే చదవాలి. ఈ రోజు ఎక్కువ సేపు ఆ చదవడం గురించే మాట్లాడతాను. మరమ్మతు, భద్రత గురించి చివర్లో కొంచెం.

భూమి గ్లోబు వయసు దేశాల పేర్లతో తెలుస్తుంది. తూర్పు పాకిస్తాన్ ఉంటే 1971కి ముందుది, అంతే. చంద్రుడి మీద దేశాలు లేవు. అక్కడ కాలాన్ని చెప్పేవి నాలుగు: అవతలి వైపు ఎంత నిండింది, ఏయే పేర్లున్నాయి, తూర్పు పడమరలు ఎటున్నాయి, వ్యోమనౌకలు దిగిన గుర్తులు ఎక్కడివరకు వచ్చి ఆగాయి.

ముందు అవతలి వైపు సంగతి. చంద్రుడు మనకు ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తాడు. కాస్త అటూ ఇటూ ఊగుతాడు కాబట్టి మొత్తం మీద 59 శాతం దాకా భూమి మీంచి కనిపిస్తుంది. మిగతాది 1959 వరకు ఎవరూ చూడలేదు. 1797లో జాన్ రసెల్ లండన్‌లో చేసిన చంద్ర గ్లోబుకు కూడా వెనక వైపు ఖాళీయే. 1959 అక్టోబరు 7న సోవియట్ నౌక లూనా 3 ఆ వెనక వైపును ఫోటో తీసింది. ఈ కెమెరా గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే గ్లోబు మీది తప్పులన్నీ ఇక్కడే పుట్టాయి. అందులో ఉన్నది మామూలు 35 మిల్లీమీటర్ల ఫిల్మ్. దాన్ని నౌకలోనే కడిగి, ఆరబెట్టి, కాంతి పుంజంతో గీత గీతగా చదివి, రేడియో ద్వారా కిందికి పంపారు. సుమారు 65,000 కిలోమీటర్ల దూరం నుంచి, 40 నిమిషాల్లో 29 ఫోటోలు. అవతలి వైపులో దాదాపు 70 శాతం వాటిలో పడింది. కానీ అప్పుడు సూర్యుడు ఆ వైపుకు దాదాపు ఎదురుగా ఉన్నాడు. మిట్టమధ్యాహ్నం పొలం గట్టును పైనుంచి చూస్తే ఎత్తు తెలియదు, నీడ ఉండదు కదా! అలాగే ఆ ఫోటోల్లో నలుపు తెలుపుల తేడా తెలిసింది గానీ ఎత్తుపల్లాలు తెలియలేదు.

అందుకే రష్యన్లు ఒక పొడుగాటి తెల్లని చారను చూసి పర్వత శ్రేణి అనుకున్నారు. దానికి సోవియట్ పర్వతాలు అని పేరు కూడా పెట్టారు. తర్వాత మంచి ఫోటోలు వచ్చాక చూస్తే అక్కడ కొండల్లేవు. కొత్త బిలాల (గుంతల) నుంచి చిమ్మిన తెల్లని ధూళి చారలే అవి. పేరు జాబితాలోంచి పోయింది. కానీ 1960ల మొదట్లో అచ్చయిన గ్లోబుల మీద ఆ కొండలు అలాగే ఉన్నాయి. లేని కొండలున్న గ్లోబు కోసమే సేకరణకర్తలు ఎగబడతారు. తప్పుంటే ధర పెరిగే సరుకులు లోకంలో తక్కువ. (నవ్వులు)

మాస్కో విశ్వవిద్యాలయానికి చెందిన స్టెర్న్‌బర్గ్ ఖగోళ సంస్థలో యూరీ లిప్‌స్కీ బృందం ఈ ఫోటోల ఆధారంగా పని చేసింది. 1961లో మొదటి సోవియట్ చంద్ర గ్లోబు వచ్చింది. దాని మీద వెనక వైపు ఒక పెద్ద ముక్క ఖాళీగా, తెల్లగా ఉంటుంది. ఫోటోల్లో పడని చోటది. తెలియని చోట ఊహించి బొమ్మ వేయలేదు, ఆ నిజాయితీని మెచ్చుకోవాలి. ఆ ఖాళీని చూసి "అచ్చు చెరిగిపోయిందేమో" అని బేరమాడేవాళ్ళున్నారు, "రంగు పోయిన చోట దిద్దించాం" అని గొప్పగా చెప్పే అమ్మకందారులూ ఉన్నారు. దిద్దించారంటే ఆ గ్లోబును పాడు చేశారని అర్థం.

1965 జులై 20న ఇంకో సోవియట్ నౌక జోండ్ 3 మిగిలిన భాగంలో చాలా వరకు ఫోటో తీసింది. ఈసారి నీడలున్నాయి, బిలాలు స్పష్టంగా వచ్చాయి. దాంతో లిప్‌స్కీ బృందం 1967లో కోటికి ఒకటి స్కేలులో కొత్త గ్లోబు తెచ్చింది. చంద్రుడి వ్యాసం 3,476 కిలోమీటర్లు కాబట్టి ఆ గ్లోబు వ్యాసం దాదాపు 35 సెంటీమీటర్లు. 1966 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా చంద్రుడి చుట్టూ తిరుగుతూ ఫోటోలు తీసే అయిదు లూనార్ ఆర్బిటర్లను పంపింది. అవి చంద్రుడి మీద 99 శాతం ఫోటో తీశాక ఇక ఖాళీలు పోయాయి. అంటే ఖాళీ ఎక్కువుంటే 1960ల తొలి సగం బొమ్మ, కొంచెమే ఉంటే 1965 తర్వాతిది, అసలు లేకుంటే 1967 తర్వాతిది.

దీనికి తోడు ఒక్క చోటు చూస్తే చాలు, సగం పని అయిపోతుంది. మారే ఓరియెంటాలే, అంటే తూర్పు సముద్రం. చంద్రుడి మీద సముద్రం అంటే నీళ్ళు కాదు, నల్లటి మైదానం. భూమి నుంచి చూస్తే అది అంచున నల్లటి చీలికలా కనిపిస్తుంది. 1967 మేలో లూనార్ ఆర్బిటర్ 4 పైనుంచి ఫోటో తీస్తే, చెరువులో రాయి వేసినట్టు వలయాల్లో వలయాలుగా బయటపడింది. బయటి వలయం అడ్డంగా 930 కిలోమీటర్లు. పన్నెండు అంగుళాల గ్లోబు మీద ఒక సెంటీమీటరు అంటే 114 కిలోమీటర్లు, కాబట్టి ఆ వలయం ఎనిమిది సెంటీమీటర్లకు పైనే ఉండాలి. వలయాలు పూర్తిగా ఉన్నాయా? బొమ్మ 1967 తర్వాతిది. ఉత్త నల్ల మరకే ఉందా? ముందుది.

ఈ తూర్పు సముద్రం ఇప్పుడు పడమటి అంచున ఉందేమిటని మీకు అనుమానం రావాలి. పేరు పెట్టినప్పుడు దిక్కులు వేరు. పాత ఖగోళ పద్ధతిలో మన ఆకాశంలో తూర్పు ఎటుంటే చంద్రుడి తూర్పు కూడా అటే. 1961లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య దిక్కులు తిప్పేసింది. చంద్రుడి మీద నిలబడ్డ మనిషికి సూర్యుడు ఉదయించే వైపే తూర్పు. అంటే ఉత్తరం పైన పెట్టి చూస్తే, ఇప్పుడు తూర్పు కుడి చేతి వైపు. పరీక్ష సులువు. కుడి అంచున విడిగా, గుండ్రంగా ఉండే నల్ల మచ్చ మారే క్రిసియం. దాని రేఖాంశం పక్కన పడమర అని రాసుంటే అది పాత పద్ధతి బొమ్మ. తూర్పు అని ఉంటే కొత్తది. టెలిస్కోపుల్లో బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది కాబట్టి దక్షిణం పైకి పెట్టి గీసిన పటాలు కూడా ఉన్నాయి. వాటిని చూసి కుడి ఎడమలు తికమక పడకండి.

ఇక పేర్లు. మనవాళ్ళకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. 1970లో ఖగోళ సమాఖ్య ఒక్కసారిగా అయిదు వందల పైచిలుకు పేర్లు ఆమోదించింది. ఎక్కువ భాగం అవతలి వైపు బిలాలకే. అందులో మన హోమీ భాభా, జగదీశ్ చంద్ర బోస్, మేఘనాద్ సాహా, శిశిర్ కుమార్ మిత్రా పేర్లున్నాయి. విక్రమ్ సారాభాయ్ 1971లో పోయారు, ఆయన పేరు 1973లో చేరింది. అది ఇవతలి వైపు ప్రశాంత సముద్రానికి వాయవ్యంగా ఉన్న సెరెనిటాటిస్ సముద్రంలోని చిన్న బిలం. అంతకుముందు దాని పేరు బెసెల్ ఎ. సి.వి. రామన్ పేరు 1976లో, ఆర్యభట పేరు 1979లో వచ్చాయి. వెనక వైపు భాభా కనిపించిందంటే ఆ గ్లోబు 1970కి ముందుది కాదు. ఆర్యభట కనిపిస్తే "అపోలో కాలం" అన్న మాట చెల్లదు. చిన్న గ్లోబుల మీద చిన్న బిలాల పేర్లు వేయరు కాబట్టి సారాభాయ్ కోసం పన్నెండు అంగుళాల పైమాటే చూడాలి. అపోలో 11 దిగిన చోటికి దగ్గరలో సబీన్ బి, డి, ఇ అనే మూడు బుల్లి బిలాలకు 1970లో ఆల్‌డ్రిన్, కాలిన్స్, ఆర్మ్‌స్ట్రాంగ్ పేర్లు పెట్టారు. అక్కడ ఏ పేర్లున్నాయో చూడండి.

మరో పేరు మారే కాగ్నిటం, అంటే తెలిసిన సముద్రం. 1964 జులై 31న అమెరికా నౌక రేంజర్ 7 అక్కడ ఢీకొట్టింది. ఢీకొట్టే ముందు నాలుగు వేల పైన ఫోటోలు పంపింది. ఆ ఏడాదే ఆ చోటికి పేరు పెట్టారు. ఆ పేరుంటే 1964 తర్వాతిది.

దిగిన గుర్తులు చూడటం అందరికీ తెలిసిన పనే, కాబట్టి తొందరగా చెబుతాను. లూనా 2 గుర్తు 1959 సెప్టెంబరు. లూనా 9 మెత్తగా దిగింది 1966 ఫిబ్రవరి 3. అమెరికా నౌక సర్వేయర్ 1 అదే ఏడాది జూన్ 2. సర్వేయర్ 7 టైకో బిలం పక్కన 1968 జనవరి. అపోలో 11 1969 జులై 20, అపోలో 17 1972 డిసెంబరు. చివరి గుర్తు ఏదో అదే హద్దు.

కానీ ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. పేరు ఉండటం సాక్ష్యం, పేరు లేకపోవడం సాక్ష్యం కాదు. అపోలో 12 గుర్తు ఉందంటే గ్లోబు 1969 నవంబరుకు ముందు అచ్చయ్యే అవకాశమే లేదు. అపోలో 14 గుర్తు లేదంటే మాత్రం 1971కి ముందుదని చెప్పలేం. ప్రచురణకర్త పాత పలకలతోనే ఇంకో మూడేళ్ళు అచ్చు వేసి ఉండొచ్చు. మార్చడానికి డబ్బు కావాలి కదా. భూతద్దం పెట్టి చూస్తే కొన్నిసార్లు దిగిన గుర్తు అచ్చు కాదు, తర్వాత అంటించిన చిన్న స్టిక్కరు అని తెలుస్తుంది. అప్పుడు గ్లోబు ఒక కాలానిది, స్టిక్కరు ఇంకో కాలానిది.

చేసినవాళ్ళెవరు? అమెరికాలో షికాగో చుట్టూనే ఈ వ్యాపారం నడిచింది: రిప్లోగుల్, రాండ్ మెక్‌నల్లీ, డెనోయర్ గెపర్ట్. లండన్‌లో జార్జ్ ఫిలిప్, తూర్పు జర్మనీ లైప్‌జిగ్‌లో రాట్, డెన్మార్క్‌లో స్కాన్ గ్లోబ్. అమెరికన్ గ్లోబుల బొమ్మకు మూలం ఎక్కువగా సెయింట్ లూయీలోని వాయుసేన పటాల కేంద్రం తయారుచేసిన చార్టులు. వాటి కోసం అరిజోనాలోని లోవెల్ అబ్జర్వేటరీలో చిత్రకారులు టెలిస్కోపులో చూస్తూ ఎయిర్‌బ్రష్‌తో నీడలు వేశారు. ప్యాట్రీషియా బ్రిడ్జెస్ పేరు ఈ పనిలో ముందు వినిపిస్తుంది. ఫోటో అతికించినట్టు కాకుండా మెత్తగా, పొగమంచులో చూసినట్టు కనిపించే బొమ్మ ఆ చేతిదే.

గ్లోబు ఎలా చేశారో తెలిస్తే ఎక్కడ చెడుతుందో ఊహించొచ్చు. పాత పద్ధతిలో నారింజ తొనల్లాంటి కాగితం ముక్కలు అచ్చు వేసి గోళం మీద అంటిస్తారు. మామూలుగా పన్నెండు తొనలు, ధ్రువాలకు రెండు గుండ్రని టోపీలు. పన్నెండు అంగుళాల గ్లోబు నడుము చుట్టుకొలత 95.8 సెంటీమీటర్లు, కాబట్టి ఒక్కో తొన నడుము దగ్గర 8 సెంటీమీటర్ల వెడల్పు. జిగురు తడికి కాగితం సాగుతుంది, అదీ ఒక దిశలోనే ఎక్కువ. అందుకే రెండు తొనల మధ్య సన్నని తెల్ల గీతో, ఒకదానిపై ఒకటి ఎక్కడమో కనిపిస్తుంది. అది లోపం కాదు, చేతిపని ఆనవాలు. 1950ల తర్వాత పెద్ద ఎత్తున చేసిన గ్లోబుల్లో బొమ్మను అట్ట మీదే అంటించి, పూరేకుల ఆకారంలో కత్తిరించి, వేడి అచ్చులో నొక్కి అరగోళాలు తీశారు. రెండిటినీ నడుము దగ్గర కలిపి పైన పట్టీ వేశారు. మూడో రకం రేకు గ్లోబులు. రేకు మీద నేరుగా అచ్చు వేసి ఒత్తినవి. చవకవి, పిల్లల బల్ల మీదివి.

అట్టవాటికి నడుము అతుకే బలహీనం. తేమకు అట్ట ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది, పట్టీ లేస్తుంది. ధ్రువం దగ్గర ఇరుసు బిగింపుకు చుట్టూ సన్నని పగుళ్ళు వస్తాయి. రేకువాటికి నడుము మడతలో తుప్పు. పైపూత పసుపెక్కితే మొత్తం చంద్రుడు బెల్లం రంగుకు వస్తాడు. దాని గురించి కంగారు అక్కరలేదు. సొట్టకు, నీటి మరకకు, చిరిగిన అచ్చుకు ధర తగ్గించండి, పసుపుకు తగ్గించొద్దు.

కొనే ముందు చేతిలో ఉండాల్సినవి: కుట్టుపని టేపు, పది రెట్ల భూతద్దం, అతినీలలోహిత టార్చి. టేపుతో నడుము కొలిచి 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది, తయారీదారు చెప్పిన కొలతతో సరిపోవాలి. భూతద్దంలో ప్రెస్సులో వేసిన ఆఫ్‌సెట్ అచ్చు వరసైన చుక్కలుగా కనిపిస్తుంది. చుక్కలు ఏ వరసా లేకుండా చల్లినట్టుంటే ఇంక్‌జెట్ ప్రింటరు, అంటే ఈమధ్య చేసిన నకలు. టార్చి కింద లక్కతో చేసిన పాత పూత నారింజ రంగులో మెరుస్తుంది. కాగితం నీలి తెలుపుగా వెలిగితే నకిలీ అని కొందరు తేల్చేస్తారు. అది తొందరపాటు. కాగితంలో తెల్లదనం పెంచే రసాయనాలు 1950ల నుంచే వాడుకలో ఉన్నాయి, 1969 కాగితం కూడా వెలగొచ్చు.

స్టాండును కూడా చూడండి. భూమి గ్లోబుకు ఇరుసు 23.5 డిగ్రీలు ఒరిగి ఉంటుంది. చంద్రుడి ఒరుగు ఒకటిన్నర డిగ్రీలే. అందుకే చాలా చంద్ర గ్లోబులు కుండ చుట్టకుదురు మీద కూర్చున్నట్టు ఉత్త రింగు మీద కూర్చుంటాయి. ఇరుసు బాగా ఒరిగిన స్టాండులో చంద్రుడు కనిపిస్తే, ఆ స్టాండు వేరే గ్లోబు నుంచి వచ్చిందేమో అని అడగాలి. తయారీదారు తన భూమి గ్లోబుల స్టాండునే వాడిన సందర్భాలూ ఉంటాయి కాబట్టి, ఇరుసు రంధ్రం చుట్టూ అరుగుదల స్టాండుతో సరిపోతోందా అని చూసి నిర్ణయించండి.

శుభ్రం చేయడం. మెత్తని కుంచెతో దుమ్ము దులపండి, తర్వాత మసి తుడిచే పొడి రబ్బరు స్పాంజితో ఒత్తకుండా తుడవండి. ఇంతటితో ఆపితే నూటికి తొంభై మందికి మంచిది. స్పిరిట్ పెట్టారా, లక్క పూత కరిగి అచ్చును కూడా లాక్కుపోతుంది. తడిగుడ్డ పెడితే తొన లేస్తుంది.

లేచిన తొనను అంటించాలంటే బజారు తెల్ల జిగురు వద్దు, సెల్లోటేపు అసలే వద్దు. మళ్ళీ ఊడదీయగలిగేది కావాలి. గోధుమ గంజిపొడి ఒక వంతు, నీళ్ళు నాలుగైదు వంతులు, అరగంట నానబెట్టి, సన్నని మంట మీద ఇరవై నిమిషాలు కలుపుతూ ఉడికించి, చల్లారాక వడగట్టండి. చిక్కటి మజ్జిగలా పలచన చేసి, సన్న కుంచెతో అతి తక్కువ రాయండి. ఎక్కువ రాస్తే కాగితం సాగి, అంటించాక అంచు పక్క తొన మీదికి వచ్చేస్తుంది. తర్వాత ఎంత నొక్కినా సర్దుకోదు. పైన అంటుకోని కాగితం వేసి, చిన్న ఇసుక మూటతో ఆరేదాకా అదిమి ఉంచండి. ఈ గంజి పురుగులకు విందు భోజనం కూడా. వెండి రంగు పురుగులు, బొద్దింకలు ముందు వాసన పట్టేది దాన్నే.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల ఉండేవాళ్ళకు తేమే అసలు శత్రువు. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉండాలి. అటూ ఇటూ మారడమే ఎక్కువ చెరుపు. ఏసీ గాలి తగిలే చోట పెట్టొద్దు. గాజు పెట్టెలో సిలికా జెల్ వేసి, లోపల చిన్న తేమ మీటరు పెట్టండి. రంగు మారిన జెల్‌ను 110 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు వేడి చేస్తే మళ్ళీ పనికొస్తుంది. వంట చేసే ఓవెన్లో మాత్రం వద్దు. లోపల దీపమున్న గ్లోబుకు పాత తీగ మార్చేదాకా స్విచ్ వేయకండి. బల్బు తీసేసి రెండు మూడు వాట్ల ఎల్ఈడీ పెట్టండి, వేడికి ప్లాస్టిక్ పెళుసవుతుంది. తీసిన బల్బు హోల్డరును పారేయకండి, అది కూడా గ్లోబులో భాగమే.

ఏవైనా ప్రశ్నలుంటే అడగండి.

*(ప్రశ్న: విదేశం నుంచి తెప్పిస్తే ఎలా ప్యాక్ చేయమని చెప్పాలండీ?)*

గోళాన్ని స్టాండు నుంచి విప్పమనండి. ముందు మెత్తని టిష్యూ కాగితం, దాని మీద బుడగల కవరు. బుడగలు నేరుగా తగిలితే పూత మీద గుండ్రటి మచ్చలు పడి ఉండిపోతాయి. ఒక పెట్టెలో ఇంకో పెట్టె, మధ్యలో అన్ని వైపులా అయిదు సెంటీమీటర్ల మెత్త. బరువు ధ్రువాల మీద పడకూడదు, పెట్టె లోపల కూడా రింగు మీదే కూర్చోవాలి.

*(ప్రశ్న: పాత గ్లోబు మీద చంద్రయాన్ 3 దిగిన చోటు గుర్తు పెట్టుకోవచ్చా సార్?)*

పెన్ను పెట్టొద్దమ్మా, చుక్క స్టిక్కరు కూడా వద్దు. దారంతో కొలుచుకోండి. విక్రమ్ ల్యాండర్ దిగింది దక్షిణ అక్షాంశం 69.37 దగ్గర, తూర్పు రేఖాంశం 32 మీద. పన్నెండు అంగుళాల గ్లోబు మీద ఒక డిగ్రీ అంటే 2.66 మిల్లీమీటర్లు. దక్షిణ ధ్రువం నుంచి ఇరవై డిగ్రీల పైచిలుకు, అంటే దారం అయిదున్నర సెంటీమీటర్లు. మాంజీనస్, బొగుస్లావ్‌స్కీ అనే రెండు పెద్ద బిలాల పేర్లు దొరికితే వాటి మధ్య ఉంటుంది. భూమి నుంచి ఆ ప్రాంతం ఏటవాలుగా, నీడల్లో కనిపిస్తుంది కాబట్టి 1960ల తొలి గ్లోబుల మీద అక్కడ బొమ్మ అంత నమ్మకంగా ఉండదు. మీది 1961కి ముందు దిక్కులతో గీసిన బొమ్మ అయితే మాత్రం, తూర్పు అని రాసిన వైపు కాదు, పడమర అని రాసిన వైపు 32 వెతకండి.